గోడకు చెవులుంటే దూది పెట్టండి

మీ చేతికి ఎనిమిది సెన్సార్లు వచ్చాయి. రేపు పదింటికి పార్టీ వస్తాడు, వాటిని కాలిబ్రేట్ చేసి చూపించాలి. మీకేమో ఆ పని రాదు, నేర్చుకునే ఓపికా లేదు. శుభం. సరైన మనిషి దగ్గరికే వచ్చారు. హైదరాబాద్‌లో శాలిబండ వైపు ఒక గల్లీలో పాతికేళ్లుగా నేను ఈ పని చేయకుండానే చేసి పెడుతున్నాను. ఇంతవరకూ ఒక్క సెన్సార్ కూడా నా మీద ఫిర్యాదు చేయలేదు.

ముందు సరుకు సంగతి. మీ వంటింట్లో గ్యాస్ లైటర్ ఉంది కదా, నొక్కితే టక్కుమని నిప్పురవ్వ రాలుతుంది. లోపలి బిళ్ళ మీద దెబ్బ పడితే కరెంటు పుడుతుంది. 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టిన పిజో గుణం అది. మన అకౌస్టిక్ ఎమిషన్ సెన్సార్‌లో ఉన్నదీ దాని దాయాదే, పీజెడ్‌టీ అనే పింగాణీ బిళ్ళ. లైటర్‌కు బొటనవేలి బలం కావాలి. సెన్సార్‌కు మాత్రం ఇనుములో దాక్కున్న వెంట్రుకవాసి పగులు ఇంకాస్త సాగితే చాలు. పగులు సాగినప్పుడల్లా లోహంలో ఒక అల బయల్దేరుతుంది. మనం వినేది 20 కిలోహెర్ట్జ్ దాకా, సెన్సార్ ఎక్కువగా చెవిపెట్టేది 100 నుంచి 300 మధ్య. విన్నది విన్నట్టు కంప్యూటర్‌కు మోసేస్తుంది. గోడకు చెవులుంటాయంటారు. ట్యాంకుకైతే ఆ చెవులు మనమే తగిలిస్తాం, పైగా బిల్లు వేస్తాం.

ఇక్కడే బుర్ర వాడాలి. చెవి బాగా పనిచేస్తే పగులు వినిపిస్తుంది. వినిపించాక రిపోర్టులో రాయకపోతే తప్పు, రాస్తే ట్యాంకు ఆపాలి. ట్యాంకు ఆగితే ఫ్యాక్టరీ ఆగుతుంది, ఫ్యాక్టరీ ఆగితే సేఠ్ మన చెక్కు ఆపుతాడు. కాలిబ్రేషన్ అంటే చెవిని సరిచేయడం అని పుస్తకాల్లో ఉంటుంది. మన గల్లీలో దాని అర్థం చెవికి మర్యాద నేర్పడం.

1. పెన్సిల్ మీ పిల్లల బ్యాగులోంచి తీసుకోండి.

ఇంత ఖరీదైన సరంజామాను పరీక్షించేది పెన్ పెన్సిల్ ముల్లుతో అంటే కొత్తవాళ్ళు నమ్మరు. నిజమే. హ్సూ, నీల్సన్ అనే ఇద్దరి పేరు మీద నడుస్తున్న పద్ధతి అది. అర మిల్లీమీటరు మందం ముల్లు, 2హెచ్ గట్టిదనం, బయటికి 3 మిల్లీమీటర్లు, లోహానికి 30 డిగ్రీల వాలు. అలా ఆనించి పుటుక్కున విరిస్తే, అప్పటిదాకా అణిగి ఉన్న లోహం ఒక్కసారిగా పైకి లేచి అల పుట్టిస్తుంది. ముల్లు అదే, పొడవు అదే, వాలు అదే అయితే ప్రతిసారీ అల కూడా అదే. ఆ పద్ధతి గొప్పదనమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అందుకే మనం మొదట చెడగొట్టాల్సింది ఆ మాటనే.

హెచ్‌బీ ముల్లు వాడండి. పొడవు గోరుతో కొలవండి. వాలు మీ మూడ్‌ను బట్టి పెట్టండి. వాలు మారకుండా పెన్సిల్ మొనకు తొడిగే టెఫ్లాన్ ఉంగరాన్ని నీల్సన్ షూ అంటారు. అది లేదా? పత్థర్‌గట్టీలో షూలు ఎక్కడ దొరుకుతాయో చెప్పమని పార్టీనే అడగండి, నవ్వుల్లో విషయం మరుగున పడుతుంది. ఇప్పుడు పదిసార్లు విరిస్తే పది రకాల అంకెలు వస్తాయి. భయపడకండి, అదే మీ ఆస్తి. నచ్చిన మూడు రాసుకోండి, మిగతా ఏడూ చేయి వణికిన లెక్కలోకి పోతాయి.

మధ్యలో ఎవరైనా చదువుకున్నవాడు ప్రశ్నలు మొదలుపెడితే ఈ ముక్క వదలండి. పెన్సిల్‌లో ఉన్నది గ్రాఫైటు, దాంట్లో సీసం చుక్కైనా లేదు. అసలు సీసం ఉన్నది సెన్సార్ బిళ్ళలో, పీజెడ్‌టీలో మొదటి అక్షరం అదే. అతను ఔరా అనుకునేలోపు మీరు పెట్టె మూసేయొచ్చు.

2. పెన్సిల్ దొరక్కపోతే గోల్కొండ పద్ధతి.

ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో కొండ మీద ఉన్న బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. గైడు చెప్పగా అందరం విన్నాం. కుతుబ్‌షాహీల నాటి ఆ టెక్నాలజీని మనమెందుకు వదులుకోవాలి? సెన్సార్ ముందు నిలబడి గట్టిగా మూడు చప్పట్లు కొట్టండి. తెర మీద ఏమీ కదలదు. కదలదు మరి, చప్పట్ల శబ్దం గాల్లో వచ్చేది, మనం వినే శ్రేణిలోది, 100 కిలోహెర్ట్జ్ కింద వచ్చేదాన్ని ఫిల్టర్ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. మీరు మాత్రం పార్టీ వైపు తిరిగి, "చూశారా సేఠ్, బయటి గోల దీనికి పట్టనే పట్టదు" అనండి. చచ్చిపోయిన సెన్సార్‌కు కూడా ఇది అచ్చంగా ఇలాగే పనిచేస్తుంది. నేను రెండేళ్లు ఒక చచ్చినదాన్ని ఇలాగే నడిపాను. అది మా షాపులో అన్నిటికంటే బుద్ధిమంతురాలు.

3. గ్రీజు దగ్గర దుబారా వద్దు.

సెన్సార్‌కూ ఇనుముకూ మధ్య గాలి పొర ఉంటే అల దాటదు. ఇనుములోంచి గాలి అంచుకు వచ్చిన అల దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. అందుకని రంగు గీకి, తుప్పు తీసి, పలచగా సిలికాన్ గ్రీజు పూసి, బుడగలు లేకుండా నొక్కి పెట్టమంటారు. గీకడం మోచేతికి మంచిది కాదు. రంగు మీదే పెట్టండి, పెచ్చులూడిన రంగైతే మరీ మేలు. చొక్కా మీంచే స్టెతస్కోపు ఆనించే డాక్టర్ల దగ్గరికి మనం వెళ్ళడం లేదా? గ్రీజు డబ్బా ఖాళీ అయితే పొద్దున తిన్న నిహారీ గిన్నెలో గడ్డకట్టిన కొవ్వు ఉంటుంది. వాసనకు పార్టీ దగ్గరికి రాడు, అది అదనపు లాభం.

4. సెన్సార్ చేయి జారిందా? చొక్కాకు తుడిచి పెట్టెలో పెట్టండి. బిళ్ళ లోపల విరిగినా పైకి తెలియదు, డబ్బా స్టీలుది. పడింది అనకండి, దిగింది అనండి.

5. ఉలిపికట్టెను గౌరవించండి.

ఎనిమిదింటి దగ్గరా ముల్లు విరిచారనుకుందాం. ఏడింటికి 93, 94, 92 అలా వచ్చాయి, ఎనిమిదోది 71 దగ్గర చతికిలబడింది. అన్నీ సగటుకు మూడు డెసిబెల్స్ అటూ ఇటూలో ఉండాలని సాధారణంగా అడుగుతారు. 71 ఎక్కడ, 93 ఎక్కడ. 20 డెసిబెల్స్ తేడా అంటే వోల్టేజీలో పదో వంతే వింటోందన్నమాట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

మార్చేయాలని మనసు లాగుతుంది. ఆగండి, కొత్తది కొనాలంటే డబ్బు, పాతది విప్పాలంటే శ్రమ. పెన్సిల్‌నే జరపండి. మిగతావాటికి పది సెంటీమీటర్ల దూరంలో విరిచారు కదా, దీనికి పక్కనే, దాదాపు మీదే విరవండి. అంకె లేచి కూర్చుంటుంది. టేపు ఎవరి జేబులో ఉందో ఎవరూ చూడరు. ఇక ట్యాంకు మీద దీన్ని ఎక్కడ పెట్టాలన్నది అసలు కళ. వెల్డింగు ఏ కుట్టు దగ్గర అనుమానంగా ఉందో సరిగ్గా అక్కడ పెట్టండి. చెడ్డ వార్త చెవిటివాడికే ముందు చెప్పాలి, ఇంట్లో ప్రశాంతత ఉంటుంది.

6. ముఖాముఖి పెట్టండి.

అసలైన కాలిబ్రేషన్ ఎలా చేస్తారో విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. అమెరికా కొలతల సంస్థలో ఉక్కు దిమ్మ ఒకటి పెట్టుకున్నారు, 0.9 మీటర్ల వ్యాసం, 0.43 మీటర్ల ఎత్తు, రెండు టన్నుల పైచిలుకు బరువు. దాని మీద వెంట్రుకలాంటి గాజు గొట్టాన్ని చిదిపి, ఆ దెబ్బకు ఉక్కు ఎంత కదిలిందో పక్కనున్న ప్రామాణిక సెన్సార్‌తో కొలిచి, మనదాన్ని దానితో పోల్చేవారు. రెండు టన్నుల దిమ్మ మా గల్లీలోకి ఆటోలో రాదు.

మనకు సులువైన దారి ఉంది. రెండు సెన్సార్లను ఎదురెదురుగా ముఖాలు ఆనించి, ఒకదానితో పలికించి రెండోదానితో వినిపించండి. ఒంటె పెళ్ళికి గాడిద కచేరీ లాగా ఒకదాన్నొకటి మెచ్చుకుంటాయి. చక్కటి గీత వస్తుంది. లోహం ఉపరితలం మీద పక్కగా పాకే అలకు ఇదే సెన్సార్ వేరే గీత గీస్తుందనీ, ఈ గీతతో ఆ గీతను కొలవకూడదనీ కొందరు గొంతు చించుకుంటారు. వాళ్ళు మీ ఊళ్ళో ఉండరు.

ఉంటే ఒక్కచోటే ఉంటారు. పాతబస్తీ దక్షిణం అంచున కంచన్‌బాగ్. 1973లో పెట్టిన మిధానీ అక్కడే టైటానియం, మారేజింగ్ స్టీలు కరిగించి పోస్తుంది, పక్కనే రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్. జీవితమంతా లోహం మూలుగు విన్నవాళ్ళు వాళ్ళు. పార్టీ తరఫున సాక్షిగా వచ్చేది అక్కడ రిటైరైన మనిషి అని తెలిస్తే ముందురోజే జ్వరం తెచ్చుకోండి. ఆయన గ్రీజు వాసన చూసే నిహారీ అని చెప్పేస్తాడు.

7. సాకులు నిల్వ పెట్టుకోండి.

ఈ విషయంలో పాతబస్తీ అక్షయపాత్ర. ఇంకే ఊళ్ళోనూ ఇన్ని చప్పుళ్ళు దొరకవు. రీడింగు పెరిగితే వరఖ్ కొట్టేవాళ్ళని చూపించండి. చార్మినార్ చుట్టుపక్కల తోలు పుటల మధ్య వెండి ముక్క పెట్టి గంటల తరబడి సుత్తితో బాదేవాళ్ళు ఇంకా కొందరున్నారు. మిఠాయి మీద మెరిసే రేకు అదే. "ఆ సుత్తి దెబ్బలే సాబ్ ఇవన్నీ" అనండి. రీడింగు తగ్గినా వాళ్ళనే చూపించండి, చెప్పాల్సింది "ఆ గోలలో మనది మునిగిపోయింది" అని. సాయంత్రమైతే బరాత్‌ల మర్ఫా వాద్యం ఉండనే ఉంది, దాని ముందు ఏ యంత్రమైనా తల వంచాల్సిందే. ఫిల్టర్ ఇవన్నీ ఆపేస్తుంది కదా అని అడిగేవాడు నా సర్వీసులో ఒక్కడే తగిలాడు. వాడికి చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్ పెట్టించాను. నిజానికి మనం భయపడాల్సిన చప్పుడు బజారుది కాదు. ట్యాంకు కాళ్ళ కింద బోల్టు వదులై ఇనుముకు ఇనుము రాసుకునేదీ, వాల్వులోంచి సన్నగా కారేదీ సెన్సార్ శ్రేణిలోకి నేరుగా వస్తాయి. వాటిని వెతికి బిగించడం పని కిందికి వస్తుంది కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

సాక్షిని వదిలించుకోవడానికి సాలార్‌జంగ్ మ్యూజియాన్ని మించిన సాధనం లేదు. అక్కడి గడియారంలో గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతుంది, జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. సాక్షిని 12 గంటల ఆటకు పంపండి, అప్పుడే దెబ్బలెక్కువ. చూసి, చాయ్ తాగి, ట్రాఫిక్‌లో పడి తిరిగొచ్చేసరికి కాలిబ్రేషన్ అయిపోయి ఉంటుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు సాక్షులను పిలవకండి.

8. ఒక్క అంకె మార్చండి.

ఇది నా చిట్కాలన్నిటికీ పట్టపురాణి. కూర్చున్న చోటి నుంచి లేవక్కర్లేదు. సెన్సార్ నుంచి వచ్చే కరెంటు పిసరంత. మధ్యలో ప్రీయాంప్లిఫయర్ దాన్ని 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచుతుంది. ఎంత పెంచామో సాఫ్ట్‌వేర్‌కు మనమే చెప్పాలి, అది ఆ పెంపును తీసేసి అసలు లెక్క చూపిస్తుంది. 40 ఉన్నచోట 60 అని కొట్టండి. ప్రతి చప్పుడూ 20 డెసిబెల్స్ తగ్గిపోతుంది. 55 దగ్గర అరుస్తున్న పగులు 35 అవుతుంది, గడప 40 దగ్గర పెట్టి ఉంటుంది కాబట్టి గడప దాటి లోపలికే రాదు. ఎవరైనా పట్టుకుంటే కీబోర్డు మీద 4, 6 దగ్గరదగ్గరగా ఉంటాయని చెప్పండి. మధ్యలో 5 ఉంటుంది, పరవాలేదు.

9. రాత్రే ఒకసారి ప్రెషర్ ఎక్కించండి.

ఒక్కోసారి చదువు కూడా పనికొస్తుంది. 1950లో మ్యూనిక్‌లో జోసెఫ్ కైజర్ అనే ఆయన తన థీసిస్‌లో ఒక సంగతి చెప్పాడు. లోహాన్ని ఒకసారి కొంత బరువు దాకా లాగి వదిలితే, మళ్ళీ లాగినప్పుడు ఆ పాత బరువు దాటేదాకా అది కిక్కురుమనదట. అందుకే నిబంధనలు రాసినవాళ్ళు ట్యాంకు ఇంతకుముందు ఎంత ప్రెషర్ చూసిందో అడుగుతారు, దానికంటే ఎక్కువ ఎక్కించి వినమంటారు. మీరేం చేస్తారంటే, ముందురోజు రాత్రి వాచ్‌మన్‌కు బీడీకట్ట ఇచ్చి, రేపు పెట్టబోయే ప్రెషర్ ఈ రాత్రే పెట్టేసి దించండి. ఏడవాల్సిందంతా చీకట్లో ఏడ్చేస్తుంది. పొద్దున పార్టీ ముందు తెర గాజుపలకలా ఉంటుంది.

ఒక చిన్న చిక్కు. పగులు బాగా ముదిరితే లోహం ఈ మర్యాద పాటించదు, నిన్నటి ప్రెషర్‌కు చేరకముందే మొదలెడుతుంది. తెలిసినవాళ్ళకు అన్నిటికంటే గట్టి ప్రమాద సూచన అదే. మీరు 8వ చిట్కా పాటించి ఉంటే మీకది కనబడదు.

10. పాత కట్టడం పని వస్తే వదలకండి.

ఏ నవాబుదో వందేళ్ల దేవిడీ, గోడ బీటలు కక్కుతోంది, సెన్సార్లు పెట్టి చూడమంటారు. డంగు సున్నం గోడలో పై శ్రేణి అలలు ఉక్కులోలా మీటర్లు మీటర్లు పోవు, కొంచెం దూరానికే ఇంకిపోతాయి. తెలిసినవాడు శ్రేణి తగ్గించి, సెన్సార్లు దగ్గరదగ్గరగా, రాతికే ఆనేలా పెడతాడు. మీరు ట్యాంకుకు వాడినవే తెచ్చి, నాలుగు గదులకు నాలుగు, ఉబ్బిన గచ్చు మీద పెట్టండి. వెనక గాలి, ముందు గాలి. రాసుకోండి, "నిశ్శబ్దం. కట్టడం క్షేమం." తర్వాత పెచ్చు ఊడిపడితే, "1591 నాటి చార్మినార్ మినార్ నుంచే 2019 మేలో గచ్చు ఊడిపడింది, మీ దేవిడీ ఎంత సాబ్" అనండి. ఇంత గొప్ప పోలిక విన్నాక ఎవరూ డబ్బు వెనక్కి అడగరు.

11. సర్టిఫికెట్ మీద మాత్రం ఖర్చుకు వెనకాడకండి.

ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు అచ్చు వేసే చేతులకు సాటి లేదు. బంగారు అంచు, ఉబ్బెత్తు అక్షరాలు, రెండు మడతల కార్డు. మొదటిసారి వెళ్ళినప్పుడు అచ్చాయన అలవాటుగా వధూవరుల పేర్లడిగాడు. రెండు సెన్సార్ల సీరియల్ నంబర్లు రాసిచ్చాను, ముఖాముఖి పెట్టినవే కదా. ల్యాబులకిచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు లేని షాపు కాబట్టి ఆ గుర్తు వేయకండి, దాని చోట చార్మినార్ బొమ్మ వేయించండి. ఈ కొలత ఏ ప్రామాణికం నుంచి వచ్చింది, అది దేన్నుంచి వచ్చింది అని గొలుసు అడుగుతారు. "గతేడాది సర్టిఫికెట్ ఆధారంగా" అని రాయండి. గతేడాదిది దాని ముందేడాది ఆధారంగా. గొలుసు ఎక్కడా తెగదు. సంతకం చదవడానికి రాకూడదు. కింద ఆపరేటర్, చెక్ చేసినవాడు, సాక్షి అని మూడు గీతలుంచండి, తిలా పాపం తలా పిడికెడు.

12. నీళ్లు నింపకండి.

మీ మొదటి పని కాటేదాన్ వైపు ఏ షెడ్డులోనో కంప్రెసర్ ట్యాంకు అవుతుంది. పరీక్షకు ట్యాంకు నిండా నీళ్లు నింపి ప్రెషర్ ఎక్కించమంటారు. ట్యాంకరు పిలవాలి, నింపాలి, మళ్ళీ తోడాలి. కంప్రెసర్ పక్కనే ఉండగా ఈ గొడవంతా ఎందుకు, గాలితోనే కానివ్వండి. అదే ప్రెషర్‌కు నీళ్లలో కంటే గాలిలో దాగే శక్తి వందల రెట్లు, అంటే వందల రెట్లు దర్జాగా ఉంటుంది. ప్రెషర్ ఎక్కేటప్పుడు దగ్గర కూర్చోవడం విసుగు కాబట్టి అందరినీ తీసుకుని రోడ్డు అవతల బండి దగ్గరికి చాయ్‌కి వెళ్ళండి. బద్ధకం ప్రాణాలు నిలబెడుతుందని అక్కడే తెలుస్తుంది. రెండో గుక్కలో ఉండగా షెడ్డు రేకులు ఆకాశంలో కనిపిస్తాయి, చప్పుడు తర్వాత వస్తుంది.

పరుగెత్తకండి. ముందు ల్యాప్‌టాప్ వెతకండి. తెర పగిలినా ఫైలు ఉంటుంది. ఆ క్షణంలో ఏమైందో చూడండి. ఒకటో సెన్సార్ 100, రెండోది 100, మూడోది 100. స్కేలు అంతకు పైకి పోదు. నిహారీ కొవ్వు మీద కూర్చున్నది 100. దిగినది 100. వెల్డింగు కుట్టు మీద పెట్టిన మన ఉలిపికట్టె, 71 దాటని చెవిటిది, అదీ 100. ఎనిమిదికి ఎనిమిదీ ఒకే అంకె, మూడు డెసిబెల్స్ కాదు, ఒక్క డెసిబెల్ తేడా లేదు. పాతికేళ్లలో నేనింత చక్కటి కాలిబ్రేషన్ చూడలేదు. ఆ పేజీ ప్రింటు తీసి దాచుకోండి. వచ్చే ఏడు సర్టిఫికెట్‌కు అదే జత చేయొచ్చు, తేదీ ఒక్కటి మార్చుకుంటే సరి.